మధ్యాహ్నం పన్నెండులోపు మూడు ప్రతులు

మా తమ్ముడు సూబయ్య కూతురు పమేలా గురించి నాలుగు మాటలు రాయమని మన ఆంధ్ర సంఘం వారు అడిగారు. నాలుగు మాటలతో తెమిలే మనిషి కాదు. అయినా నేనే రాయాలి. నాటాల్‌లోని ఈ ఖర్వాస్తాన్ పేటలో తెలుగు రాయగలిగినవాళ్ళం ఇప్పుడు ఇద్దరమే మిగిలాం, ఆ రెండో ఆయనకు చూపు ఆనడం లేదు.

నా చదువు చెరకు ఎస్టేటులో మన పెద్దలు కట్టుకున్న రేకుల బడిలో నాలుగో తరగతి వరకు. పదకొండో ఏట కత్తి పట్టుకుని చెరకు కొట్టడానికి పోయాను. అయినా సంఘం మినిట్స్ పుస్తకం ఇరవై ఆరేళ్ళు నా చేత్తో రాశాను. అరవై రెండు మంది పిల్లలకు అఆలు దిద్దించాను. మా ఇంటి వాళ్ళు సాధించినవన్నీ తేదీలతో సహా నాకు గుర్తు. పమేలావి చెబుతాను.

పుట్టింది 1959లో, ఎస్టేటు బారక్సులో. 1976లో మెట్రిక్, ఇంగ్లీషులోనూ చరిత్రలోనూ డిస్టింక్షన్. ఆ మరుసటి నెలే ఒక లాయరు ఆఫీసులో టైపిస్టు. నిమిషానికి డెబ్బై మాటలు కొట్టేది. వాళ్ళ నాయన పోయాక ఇంటి బరువు మోస్తూనే పోస్టులో పాఠాలు తెప్పించుకుని 1983లో బి.ఏ. పూర్తి చేసింది. సాయంత్రం క్లాసులకు వెళ్ళి 1989లో ఎల్.ఎల్.బి. పట్టా పుచ్చుకుంది. మా వంశంలో లా చదివిన మొదటి మనిషి. అంతటితో చాలనుకున్నాం. తను చాలనుకోలేదు. 1991లో మళ్ళీ విశ్వవిద్యాలయంలో పేరు రాయించుకుని ఎల్.ఎల్.ఎమ్.లో చేరింది. పబ్లిక్ లా, ఇంటర్నేషనల్ లా.

అవేమిటని నేనే అడిగాను. "ఒకటి గవర్నమెంటుకీ మనిషికీ మధ్య చట్టం పెద్దయ్యా. రెండోది దేశానికీ దేశానికీ మధ్య" అంది. నాకు అప్పటి నుంచి ఆ రెండూ బాగానే అర్థమవుతాయి.

అవి ఎలాంటి సంవత్సరాలో మీకు తెలుసు. పాత తెల్లవాళ్ళ గవర్నమెంటు పోతోంది, కొత్తది ఇంకా రాలేదు. టేబుల్ దగ్గర కూర్చుని పెద్దలు రాజ్యాంగం రాస్తుంటే, ఇక్కడ నాటాల్ కొండల్లో ఇళ్ళు తగలబడుతున్నాయి. పమేలా తమ్ముడు దేవన్ అక్కను ఊరికే వదిలేవాడు కాదు.

"చట్టమే మారిపోతా ఉంటే చట్టం చదువుతావేమక్కా? నువ్వు పుస్తకం మూసేలోపల అది రద్దయిపోతాది" అనేవాడు.

"మారేదాన్నే చదవాల. మారనిదాన్ని ఎవరైనా చదువుతారు" అనేది పమేలా, తల ఎత్తకుండానే.

దేవన్ ఎగతాళిగా అన్నదే నిజమైంది. పమేలా రాస్తున్నది వాల్విస్ బే గురించి. నమీబియా తీరంలో ఉన్న రేవు అది. నమీబియాకు 1990లో స్వాతంత్ర్యం వచ్చినా ఆ రేవును మాత్రం ఇక్కడి మన గవర్నమెంటు వదల్లేదు. ఒక నేల ఒక రాజ్యం చేతిలోంచి ఇంకో రాజ్యం చేతిలోకి పోయేటప్పుడు అక్కడ బతికేవాళ్ళ పౌరసత్వం, ఉద్యోగం, ఇల్లు ఏమవ్వాలి, వాళ్ళను అడగాలా అక్కర్లేదా అన్నది ఆమె ప్రశ్న. ఒకరోజు నాతో అంది: "మన ముత్తాతను కూడా రెండు గవర్నమెంట్లు మాట్లాడుకునే ఓడ ఎక్కించినాయి పెద్దయ్యా. ఇక్కడ చెరకు తోటల్లో ఇంత పనుంది, అక్కడ ఇంత మంది ఉన్నారని. ఆయన్ని ఎవరడిగినారు?"

రెండున్నరేళ్ళు కష్టపడి నూట నలభై ఎనిమిది పేజీలు రాసింది. ఆ రేవును తిరిగి ఇవ్వాలని, ఇస్తే ఎలా ఇవ్వాలని. ఇంతలో ఇచ్చేయడానికి నిర్ణయం జరిగిపోయింది. 1994 మార్చి ఒకటో తేదీ అని ముహూర్తం పెట్టారు. "ఇవ్వాలి అన్న మాట ఇక నిలవదు, ఇచ్చారు అని రాయాలి. చివరి అధ్యాయం మళ్ళీ రాయండి" అని ప్రొఫెసరు గారు చెప్పారు. ఉద్యోగం చేసేవాళ్ళకు నిబంధన ప్రకారం మూడేళ్ళే గడువు. ఆ మూడేళ్ళు అప్పటికే అయిపోయాయి. ఈ కారణం చూపి గడువు పెంచమంటే ఉత్తరం వచ్చింది: మార్చి ముప్పై ఒకటి, గురువారం, మధ్యాహ్నం పన్నెండులోపు మూడు ప్రతులు బైండు చేయించి ఇవ్వాలి. ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారు. ఇంకో పొడిగింపు ఉండదు. పేరు పోతే ఆ మూడేళ్ళ పనీ పోయినట్టే. కొత్త విషయం, కొత్త ప్రవేశం, మొదటి నుంచి.

ఆ ఉత్తరాన్ని మా మరదలు, పమేలా తల్లి అంబీ వంటింట్లో గోడకు గుచ్చింది. పొయ్యి దగ్గరకు పోయిన ప్రతిసారీ అది కనిపించేది.

ఆ మార్చి నెల చివరి వారం మా వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ కొవ్వొత్తులు, డబ్బా చేపలు, పిండి కొని దాచుకుంటున్నారు. ఎన్నికలకు ఇంకా నాలుగు వారాలు, ఈలోగా గొడవలు ముదురుతాయని భయం. కొండ మీద హెలికాప్టర్ తిరుగుతూనే ఉండేది. పమేలా తలుపేసుకుని రాసింది. బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి మూడు జెరాక్సు కట్టలతో వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఓవర్‌పోర్ట్‌లో వాసీ బైండింగ్ షాపుకు తీసుకుపోవడం, రెండు గంటల్లో బైండింగ్, అక్కణ్ణించి నేరుగా విశ్వవిద్యాలయం. అంతా లెక్క ప్రకారం పెట్టుకుంది.

లెక్క తప్పించింది నేను.

మన ఇళ్ళల్లో ముఖ్యమైన కాగితానికి పసుపు పెట్టకుండా గడప దాటించం. పెళ్ళి పత్రికకు పెడతాం. ఈ ఇంటి కాగితాలకు పెట్టాను. సంఘం మినిట్స్ పుస్తకం కొత్తది వచ్చినప్పుడల్లా పెట్టాను, ఏ ఒక్కటీ చెడలేదు. గురువారం తెల్లవారి స్నానం చేసి, దీపం పెట్టి, పసుపు నీళ్ళు కలిపి, మూడు కట్టలకూ నాలుగు మూలలా పెట్టాను. ఇంత చదువుకు మూలలు చాలవనిపించి, గడపకు పూసినట్టు అంచుల వెంబడి కూడా పూశాను. మూడో కట్టకు గిన్నెలో మిగిలిందంతా. తర్వాత కొత్త తువ్వాలులో చుట్టి, మూడు ముళ్ళు వేసి, కారు వెనక సీట్లో పెట్టాను. మినిట్స్ పుస్తకాలన్నిటికీ గట్టి అట్ట ఉండేది. బైండు కాని కాగితపు కట్ట అంచు దీపం వత్తిలా నీళ్ళు లాగుతుందని నాకు తోచలేదు.

నేనూ వస్తానన్నాను. దేవన్ కారు నడిపాడు. వెళ్ళేటప్పుడు అంబీ గేటు దగ్గర నిలబడి, "రోడ్డులో ఎక్కడైనా గుంపు కనపడితే తిరిగొచ్చేయండి. చదువు పోతే పోనీ, మనుషులు రావాల" అంది. పమేలా కారు తలుపు వేసుకుంది.

ఓవర్‌పోర్ట్ చేరేసరికి ఎనిమిదిన్నర. వాసీ షాపులో కరెంటు లేదు. ఆ పేటలో ఎక్కడా లేదన్నాడు. తన కుట్టు పని, జిగురు పని చేతితోనే గనక ఇబ్బంది లేదన్నాడు. తువ్వాలు విప్పాడు.

"పమేలా, ఇది చదవడానికా, వండడానికా?" అన్నాడు.

మొదటి రెండు కట్టల్లో మూలలు, అంచులు పసుపు. పై పేజీల్లో కొద్దిగా లోపలికి దిగింది, అంతే. మూడోదాంట్లో పసుపు వంద పేజీల దాకా దిగి, కుడి అంచున రెండు వేళ్ళ వెడల్పున మరక కట్టింది. కొన్ని చోట్ల అక్షరాల మీదికీ పాకింది. తడికి కాగితాలు అలలు తేలాయి.

పమేలా నావైపు చూసింది. నేను ఒప్పుకున్నాను. ఎందుకు పెట్టానో చెప్పబోయాను.

"పెద్దయ్యా, ఇప్పుడు మాట్లాడొద్దు" అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటేనే బాగుండేది.

దేవన్ గడియారం చూశాడు. "బాగున్న కట్ట నుంచి మళ్ళీ జెరాక్సు తీద్దాం."

"కరెంటేదీ?" అన్నాడు వాసీ. "టౌన్‌కి పోదామా అంటే, అక్కడ ఈరోజు ఊరేగింపని షాపులు షట్టర్లు దించేసినారు. మా బావమరిది ఇప్పుడే ఫోన్ చేసినాడు."

"మీ ఆఫీసులో ఫ్లాపీ ఉంది కదక్కా, మళ్ళీ ప్రింటు కొట్టు."

"ఆఫీసూ టౌన్‌లోనే ఉంది. తాళం బాస్ దగ్గర. బాస్ ఈస్టర్‌కి పోయినాడు."

"అయితే పోయి ప్రొఫెసర్‌ని అడుగుదాం. మంగళవారం ఇస్తామందాం."

"ప్రొఫెసర్ కేప్‌టౌన్‌లో ఉన్నాడు. ఆయన ఉన్నా ఇవ్వలేడు. ఉత్తరం రాసింది ఆయన కాదు, ఫ్యాకల్టీ ఆఫీసు." పమేలా మూడో కట్ట తీసుకుని ఒక్కో పేజీ తిప్పింది. పసుపు అక్షరాల మీదికి పాకిన చోటల్లా పెదాలు కదుపుతూ చదివింది. పది నిమిషాలు పట్టింది. మేం ముగ్గురం నిలబడి చూస్తున్నాం.

"కుట్టు వాసీ అన్నా" అంది. "మూడూ కుట్టు."

"ఇట్లానే?"

"ఇట్లానే."

తడి కాగితం మీద జిగురు పట్టదని మూడోదాన్ని వాసీ కాసేపు ఎండలో పరిచాడు. దాంతో రెండు గంటల పని రెండున్నర గంటలైంది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల పమేలా ఫ్యాకల్టీ నిబంధనల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒకే పేజీ చదువుతూ ఉంది. ఒకసారి చదివి మూసింది. మళ్ళీ తెరిచింది. పద్దెనిమిదేళ్ళు లాయరు ఆఫీసులో ఇతరుల కేసులు టైపు చేసిన మనిషి. తన కేసు ఎప్పుడూ లేదు.

పదకొండూ పదికి బయలుదేరాం. మామూలుగా పది నిమిషాల దారి. విశ్వవిద్యాలయం ఉన్న రిడ్జ్ గుట్ట ఎక్కే మలుపులో మిలిటరీ బండి అడ్డంగా ఉంది. ముందు తొమ్మిది కార్లు. ప్రతి కారూ ఆపి డిక్కీ తీయిస్తున్నారు. మావంతు వచ్చేసరికి పదకొండున్నర దాటింది. కుర్ర సిపాయి తువ్వాలు మూట చూసి, విప్పమని తుపాకీతో సైగ చేశాడు. షాపులో నేను మళ్ళీ వేసిన మూడు ముళ్ళు బిగుసుకుపోయాయి. దేవన్ విప్పాడు.

సిపాయి పై పుస్తకం ఎత్తి పేరు చదివాడు. "వాల్విస్ బే. నేను ఏడు నెలలు అక్కడే ఉన్నాను. ఇసుక తప్ప ఏమీ లేదు. దీని గురించి ఇంత రాయడానికేముంది?"

"అక్కడ మనుషులున్నారు" అంది పమేలా.

అతను పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పసుపు అంచు మీద వేలు పెట్టి, ఆ వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. పొమ్మని చెయ్యి ఊపాడు.

విశ్వవిద్యాలయంలో పిల్లలెవరూ లేరు, పండగ సెలవులకు పోయారు. ఆ ఆఫీసు రెండో అంతస్తులో. నా మోకాళ్ళకు ఆ మెట్లు చాలా ఎక్కువ, కానీ కింద ఉండలేకపోయాను. నేను పైకి చేరేసరికి పమేలా కౌంటరు ముందు ఉంది. గోడ గడియారంలో పదకొండూ నలభై రెండు. కౌంటరు వెనకాల ఆల్ఫ్రెడ్ అనే జులూ ఆయన, యాభై దాటినవాడు, కళ్ళజోడు. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

మొదటి రెండు ప్రతులు తీసుకుని పక్కన పెట్టాడు, కొంచెం ముఖం చిట్లించాడు గానీ. మూడోది తెరిచి మూసేశాడు.

"ఇది తీసుకోలేనమ్మా. ఇది పాడైంది. విదేశంలో ఉన్న ఎగ్జామినర్‌కి ఇలాంటిది పంపితే నన్నంటారు."

"నిబంధన చూపించండి" అంది పమేలా.

"ఏ నిబంధన?"

"పాడైంది తీసుకోకూడదని రాసిన నిబంధన." తన దగ్గరున్న పుస్తకం తెరిచి కౌంటరు మీద పెట్టింది. "మూడు ప్రతులు. ఈ సైజు కాగితం. వరసల మధ్య ఇంత ఖాళీ. బైండు చేసి ఉండాలి. చదవగలిగేట్టు ఉండాలి. ఐదే షరతులు. తెల్లగా ఉండాలని ఎక్కడుంది?"

"అది చెప్పకపోయినా తెలిసేదే కదా."

"చెప్పని షరతు పెట్టే అధికారం మీకు లేదు సార్. మీకే కాదు, మీ పైవాళ్ళకూ లేదు. మీ పని తీసుకోవడం. బాగుందో లేదో చూడడం ఎగ్జామినర్ పని. చదవడానికి వీలుకాకపోతే ఆయన తిప్పి పంపుతాడు. మీరు పంపకూడదు."

వెనక నిలబడ్డ దేవన్ నెమ్మదిగా, "అక్కా, కాస్త మెల్లగా" అన్నాడు. ఆమె తిరిగి చూడలేదు. ఆ మనిషికి కోపం వస్తే, "పన్నెండు తర్వాత మాట్లాడదాం" అంటే చాలు, అయిపోయినట్టే.

ఆల్ఫ్రెడ్ నావైపు చూశాడు. "బాబా, ఈ పచ్చది ఏమిటి?" అని జులూలో అడిగాడు. చెరకు తోటల్లో నేర్చుకున్న జులూ నాది, పెద్దగా ముస్తాబు ఉండదు. "నేను పూశాను. మాకు చెడిపోకూడదనుకున్నవాటికి ఇది పూస్తాం. పూసి నేనే చెడగొట్టాను. ఆ అమ్మాయి తప్పు లేదు" అన్నాను.

ఆల్ఫ్రెడ్ తల తిప్పి గోడవైపు చూశాడు. గడియారంలో పదకొండూ నలభై తొమ్మిది. ఒక తెల్ల కాగితం తీసి పమేలా ముందుకు నెట్టాడు. "సరే. ప్రతి పాడైందని మీరే రాసి సంతకం పెట్టండి. నా మీదికి రాకుండా ఉంటుంది."

"రాసెయ్ అక్కా" అన్నాడు దేవన్.

పమేలా కలం తీసింది, ఆగింది. "పాడైందని రాయను" అంది. "అలా రాస్తే నేనే ఒప్పుకున్నట్టవుతుంది. రేపెవరైనా ఈ కాగితం చూపించే నా పేరు కొట్టేయొచ్చు. అంచున పసుపు మరక ఉంది, అక్షరాలు చదవడానికి అడ్డం లేదని రాస్తాను."

"అడ్డం లేదని నాకెలా తెలుసు?"

"చదవండి. ఏ పేజీ అయినా."

ఆల్ఫ్రెడ్ కళ్ళజోడు సరిచేసుకుని మూడో ప్రతి మధ్యలోకి తెరిచాడు. మరక బాగా పాకిన పేజీయే వచ్చింది. నేను గోడకు ఆనుకున్నాను. ఆయన పైకి చదివాడు, మెల్లగా, మాట మాట: నేల చేతులు మారే ఒప్పందంలో సరిహద్దు గీతలు అంగుళాల లెక్కన ఉన్నాయి, రేవులో క్రేన్ల సంఖ్య ఉంది, అక్కడ పుట్టి పనిచేసిన మనుషుల సమ్మతి గురించి ఒక్క వాక్యం లేదు. అక్కడ ఆగాడు. మళ్ళీ కొనసాగించి ఆ పేరా చివరిదాకా చదివాడు. చదవనక్కర్లేదు, ఒక వాక్యం చాలు. ఆయన ఇంకో పేజీ తిప్పి అదీ చదివాడు.

"మా ఊరినీ ఇట్లాగే ఒక గీత గీసి, జులూవాళ్ళ నేల వేరని అటుపక్కకు నెట్టేశారు" అన్నాడు. "డెబ్బై ఏడులో. మమ్మల్నీ ఎవరూ అడగలేదు." తర్వాత మామూలు గొంతుతో, "రాయండి. మీరన్నట్టే రాయండి" అన్నాడు.

ఆమె రాసి సంతకం పెట్టింది. ఆయన మూడు ప్రతుల మీదా ముద్ర కొట్టాడు. పదకొండూ యాభై ఆరు. పమేలా కదల్లేదు.

"ఇంకేమిటమ్మా?"

"రసీదు. టైముతో."

ఆయన రసీదు రాస్తూ మొదటిసారి నవ్వాడు. "నువ్వు లాయరువి కాకపోతే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి."

ఆ రోజే నాటాల్ అంతటా అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆ సంగతి మాకు ఇంటికొచ్చాక రేడియోలో తెలిసింది. ఇంటికొచ్చి కారు దిగేముందు పమేలా నాతో, "ఆకలేస్తాంది పెద్దయ్యా" అంది. పొద్దుట్నుంచి తను నాతో అన్న రెండో మాట అది.

తర్వాత ఎన్నికలు అయ్యాయి. అంబీ, నేను ఆరు గంటలు వరసలో నిలబడి ఓటు వేశాం. ఏప్రిల్, మే, జూన్ గడిచాయి. పమేలా రోజూ ఆఫీసుకు పోయి టైపు కొట్టుకునేది. గడువులో ఇచ్చింది నిజమే, ఎగ్జామినర్లు ఏమంటారో తెలియదు. పోస్టుమాన్ వచ్చే వేళకు అంబీ ఏదో పని కల్పించుకుని గేటు దగ్గర ఉండేది. ఆగస్టు పంతొమ్మిది, శుక్రవారం, ఉత్తరం వచ్చింది. అంబీ దాన్ని విప్పకుండా, చెమట అంటకుండా చెంగులో పట్టుకుని, పమేలా ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చుంది.

పమేలా గేటు దగ్గరే నిలబడి చదివింది. మళ్ళీ మొదటికొచ్చి చదివింది. దేవన్ లోపల్నుంచి వచ్చాడు. నేను మెట్ల మీదే ఆగాను.

"పాసా, ఫెయిలా?" అంది అంబీ. "అది చెప్పు ముందు."

"పాసే అమ్మా. కానీ ఒక ఎగ్జామినర్ రేవులో పనిచేసేవాళ్ళ గురించి ఇంకా పది పేజీలు రాయమన్నాడు. ఆరు వారాల్లో ఇవ్వాల. అప్పుడే పట్టా."

"మళ్ళీ డెడ్‌లైనా?" అన్నాడు దేవన్.

"మంచి ప్రశ్న అడిగినాడు" అంది పమేలా. ఉత్తరం మడిచి బ్యాగులో పెట్టుకుంది. "నేనే రాసుండాల్సింది."

"అయితే అన్నం తిని రాయి" అంది అంబీ, లోపలికి దారి ఇస్తూ.